కొండ మీది మఠం, సమాధుల తోటలోని మనిషి



ప్రియులారా, ఈసారి మీతో ఒక దూరపు ఊరి సంగతి చెప్పుకోవాలని కూర్చున్నాం. ఆ ఊరు మేము కళ్ళారా చూడలేదు, బహుశా ఎన్నటికీ చూడం కూడా. అయినా రెండేళ్ళుగా అది మమ్మల్ని వదలడం లేదు. కుటుంబ ప్రార్థనలో కూర్చున్నా, ఎవరినైనా సాగనంపడానికి సమాధుల తోటకు వెళ్ళినా అదే గుర్తుకొస్తోంది. ఆ ఊరి పేరు బుచాచ్. ఉక్రెయిన్ దేశానికి పడమటి వైపు, తెర్నోపిల్ నగరానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, స్త్రిపా అనే చిన్న నది ఒడ్డున ఉంటుంది. జనాభా 12,000 చిల్లర. మన వైపు లెక్కలో ఒక పెద్ద పంచాయతీ అంత.

ఆ ఊరు మాకెలా తెలిసిందో ముందు చెప్తాం. మా సంఘంలో ఒక తల్లి ఉంది. ఎకరం పొలం అమ్మి, కొడుకుని తెర్నోపిల్‌లో డాక్టరు చదువుకు పంపింది. మన తెలుగు పిల్లలు ఆ నగరంలో చాలామందే చదివేవారు, మీ ఊళ్ళ నుండి కూడా వెళ్ళి ఉంటారు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైందన్న కబురు వినగానే ఆ తల్లి పొయ్యి మీది అన్నం అలాగే వదిలేసి మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతిలో ఫోను, ఫోనులో కొడుకు గొంతు. "అమ్మా, మేము బయల్దేరుతున్నాం, పోలండు బోర్డరు దాకా వెళ్ళాలి, చార్జింగు అయిపోతుంది" అని చెప్పి పెట్టేశాడట. ఆ తరువాత రెండు రోజులు ఫోను లేదు. ఆ రెండు రాత్రులూ మందిరంలో దీపం ఆరలేదు. ఆ చలిలో ఆ బిడ్డ మైళ్ళ కొద్దీ నడిచి సరిహద్దు దాటాడు. ప్రభుత్వం పంపిన విమానంలో ఢిల్లీకి, అక్కణ్ణుంచి ఇంటికి చేరాడు.

కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. భోజనాలయ్యాక అబ్బాయి మా ఇద్దరి దగ్గర కూర్చుని ఫోనులో ఫొటోలు చూపించాడు. మంచు, కాలేజీ, హాస్టలు, స్నేహితులు. వాటి మధ్యలో ఒక ఫొటో దగ్గర మా ఇంటావిడ ఆగింది. పచ్చటి కొండ వాలు మీద జంట గోపురాల గుడి. కింద లోయలో ఇళ్ళ కప్పులు.

"ఇదేం ఊరు నాయనా, ఇంత అందంగా ఉంది?" అంది.

"బుచాచ్ అండీ అమ్మగారూ. అది మఠం. సన్యాసులుంటారు. మా క్లాసుమేటు వాళ్ళ నానమ్మది ఆ ఊరే, సెలవులకి తీసుకెళ్ళాడు."

తరువాతి ఫొటోలో గుడి లేదు. చెట్లున్నాయి, ఆకులు రాలిన నేల ఉంది, మధ్యలో ఒక రాయి నిలబెట్టి ఉంది. రాయి మీద మనకు తెలియని అక్షరాలు.

"ఇదేంటి?"

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. "మఠం ఉన్న కొండ మీదే అండీ ఇది కూడా. పైన అడవిలో. వాళ్ళ నానమ్మ చూపించింది. ఇక్కడ మనుషులున్నారు అని ఒక్క మాటే చెప్పి, తల మీద గుడ్డ సర్దుకుని కిందికి దిగిపోయింది" అన్నాడు.

ఆ ఒక్క మాటను పట్టుకునే మేము తెలుసుకోవడం మొదలుపెట్టాం. దొరికినవి చదివాం. ఇంగ్లీషు కష్టమైన చోట మా అమ్మాయి చదివి చెప్పింది. ఆ ఊరి మీద ఓమెర్ బార్తోవ్ అనే చరిత్రకారుడు 2018లో ఒక పెద్ద పుస్తకం రాశారు. ఆయన తల్లి ఆ ఊళ్ళోనే పెరిగారు. అలా తెలుసుకున్నది ఇప్పుడు మీ ముందు పెడుతున్నాం.

ఆ ప్రాంతాన్ని గలీసియా అనేవారు. పౌలు పత్రిక రాసిన గలతీయ ఇది కాదు, అది ఇప్పటి టర్కీలో ఉంది. ఈ గలీసియా పోలండుకూ ఉక్రెయిన్‌కూ మధ్య నేల. ఎంతమంది రాజుల చేతులు మారిందో చెప్పాలంటే వేళ్ళు చాలవు. బుచాచ్ చాలాకాలం పోలండు రాజ్యంలో ఉంది. 1672లో టర్కీ సుల్తాను సేనలు వచ్చినప్పుడు పోలండు రాజు ఆ ఊళ్ళోనే సంధి చేసుకుని, పొదీలియా అనే సీమను వదులుకుని, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. ఒక పెద్ద చెట్టు నీడన ఆ సంధి జరిగిందని ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తరువాత 1772లో ఆస్ట్రియా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మళ్ళీ పోలండు. 1939లో సోవియట్టులు, 1941లో జర్మన్లు, 1944లో మళ్ళీ సోవియట్టులు. 1991 నుండి స్వతంత్ర ఉక్రెయిన్. ఆ ఊళ్ళో తొంభై ఏళ్ళు బతికిన ముసలమ్మ గడప దాటకుండానే మూడు నాలుగు దేశాల పౌరురాలై ఉంటుంది.

ఆ ఊళ్ళో మూడు జాతుల వాళ్ళు నాలుగు వందల ఏళ్ళు కలిసి బతికారు. పోలండు వారు రోమను కాథలిక్కులు. ఉక్రెయిన్ వారు గ్రీకు కాథలిక్కులు. మూడో వారు యూదులు. ఒకప్పుడు ఊళ్ళో సగానికి పైగా యూదులే. గ్రీకు కాథలిక్కులంటే మనలో చాలామందికి తెలియదు గనుక ఒక మాట. 1596లో జరిగిన ఒప్పందంతో వారు రోములోని పోపుగారి అధికారం కిందికి వచ్చారు. ఆరాధన మాత్రం తూర్పు సంఘాల పద్ధతిలోనే చేసుకుంటారు. వారిలో పెళ్ళైన వారు కూడా గురువులు కావచ్చు. మనకు తెలిసిన ఆర్.సి.ఎం. గుడికీ వారి గుడికీ లోపలికి అడుగుపెడితే చాలా తేడా కనబడుతుంది.

కొండ మీది మఠం ఆ గ్రీకు కాథలిక్కులది. బసీలియన్ సన్యాసులు అంటారు వారిని. పూర్వం బసిలు అనే భక్తుడు సన్యాసులకు పెట్టిన నియమాలను పాటించేవారు కాబట్టి ఆ పేరు. ఊరికి యజమానులైన పొటోట్స్కి వంశంలో స్తెఫాన్ అనే ఆయన, ఆయన భార్య కలిసి 1712లో ఆ మఠాన్ని స్థాపించారు. వారి కొడుకు మికొలా పొటోట్స్కి దాన్ని ఇంకా పెంచాడు. ఇప్పుడు ఫొటోలో కనిపించే జంట గోపురాల గుడి 1771 నాటికి పూర్తయింది. మన ప్రభువు సిలువను హెచ్చించే పండుగ పేరు దానికి పెట్టారు. సన్యాసులు అక్కడ బడి కూడా నడిపారు. ఆ మారుమూల నేలలో వందేళ్ళకు పైగా చదువు చెప్పిన బడి అది.

ఈ మికొలా పొటోట్స్కి గురించి ఆగి చెప్పుకోవాలి. జనం చెప్పుకునే కథల్లో ఆయన చాలా క్రూరుడు. తాగుతాడు, తుపాకీ పట్టుకుంటాడు, పేదల ప్రాణాలతో ఆడుకుంటాడు. ఆడవాళ్ళను చెట్టెక్కించి కోకిలలా కూయమని, కూసినవాళ్ళను కాల్చేవాడని కూడా ఒక కథ ఉంది. అందులో ఎంత నిజమో కథలు చెప్పేవాళ్ళకే తెలియాలి. ఆయన కట్టించినవి మాత్రం కళ్ళముందే ఉన్నాయి. ఊళ్ళో రోమను కాథలిక్కు గుడికీ, పోచాయివ్ అనే చోట మహా మందిరానికీ సొమ్ము ఆయనదే. బుచాచ్ నడిబొడ్డున ఉన్న అందమైన టౌనుహాలు కూడా ఆయన పుణ్యమే. బెర్నార్డ్ మెరెతిన్ అనే మేస్త్రి దాన్ని కట్టాడు, పిన్సెల్ అనే శిల్పి బొమ్మలు చెక్కాడు. ఆ పిన్సెల్ శిల్పాలను 2012లో పారిస్ నగరంలోని లూవ్ర్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. పొటోట్స్కి చివరి రోజులు పోచాయివ్‌లో ప్రార్థనలతో గడిపి, 1782లో కన్నుమూశాడు.

ఇది చదివినప్పుడు మా ఇంటావిడ ఒక మాట అంది. "పాపం చేసినవాడు గుడి కట్టిస్తే అది పశ్చాత్తాపమా, లేక దేవుడికి లెక్క చూపించడమా?" అని. మేము జవాబు చెప్పలేదు. ఆ రోజుల్లో మేము కూడా మందిరానికి గోపురం కట్టే పనిలో ఉన్నాం మరి. ఇనుము రేటు, సిమెంటు రేటు తప్ప వేరే ప్రార్థనాంశం మాకు లేని కాలం అది.

సరే, ఊరి సంగతికి వద్దాం. మఠం గంట కొండ మీద మోగుతుంటే కింద లోయలో యూదుల పెద్ద సమాజమందిరం ఉండేది. 1728లో కట్టిన రాతి కట్టడం. సంత రోజున మూడు భాషలు ఒకే వీధిలో వినబడేవి. ఒకరి పిల్లలు ఇంకొకరి పిల్లలతో ఆడుకునేవారు. యూదుల ఇళ్ళల్లో ఉక్రెయిన్ ఆడపిల్లలు పనికి కుదిరేవారు. ఆ ఊరి నుండి లోకానికి పెద్ద మనుషులు వచ్చారు. 1966లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న అగ్నోన్ అక్కడే పుట్టాడు. చనిపోయేదాకా ఆ ఊరి గురించే రాశాడు. వార్సా నగరంలో యూదులను గోడల మధ్య బంధించినప్పుడు, జరుగుతున్నదంతా రాయించి డబ్బాల్లో, పాలక్యానుల్లో పెట్టి భూమిలో పాతించిన రింగెల్‌బ్లూమ్ కూడా ఆ ఊరివాడే. యుద్ధం తరువాత నేరస్థులను వెదికి కోర్టు ముందు నిలబెట్టడమే జీవితంగా పెట్టుకున్న సైమన్ వీజెంతాల్‌దీ ఆ ఊరే. అంత చిన్న ఊరు!

అలాగని మూడు జాతులూ ప్రేమతో పొంగిపోయేవారని అనుకోకండి. పక్కపక్కన ఉండటం వేరు, పొరుగువాడు కావడం వేరు. ఒక్కొక్కరి మనసులో ఒక్కొక్క లెక్క ఉండేది. ఊరు మాది అని పోలండు వారు, నేల మాది అని ఉక్రెయిన్ వారు. తాతల నాటి నుండి ఉన్నా పరాయివాళ్ళ కింద చూస్తున్నారని యూదులు. ఆ లెక్కలు మామూలు రోజుల్లో బయటపడేవి కావు. రాజ్యం మారిన ప్రతిసారీ ఒకరి లెక్క బయటికి వచ్చేది.

1939లో సోవియట్టులు రాగానే చాలామందిని రైలు పెట్టెల్లోకి ఎక్కించి సైబీరియా వైపు పంపారు. జైళ్ళు నిండాయి. పక్క ఊరు చోర్ట్‌కివ్‌లో 1941 జూలై 2న డొమినికన్ మఠానికి చెందిన ఎనిమిది మందిని సోవియట్టుల రహస్య పోలీసులు చంపేశారు. క్రైస్తవులు కూడా రక్తం కార్చిన నేల అది, మరచిపోవద్దు.

ఆ వెంటనే జర్మన్లు వచ్చారు. 1941 ఆగస్టు చివర యూదుల్లో చదువుకున్న మగవాళ్ళందరూ పేర్లు నమోదు చేసుకోవడానికి రమ్మని పిలిచారు. పంతుళ్ళు, ప్లీడర్లు, డాక్టర్లు, గుమాస్తాలు వెళ్ళారు. పేరు రాయించుకుంటే పని దొరుకుతుందనుకున్నారు. వాళ్ళలో కొన్ని వందల మందిని ఫెదిర్ అనే కొండ మీదికి నడిపించారు. అడవిలో కాల్చి పాతిపెట్టారు. ప్రియులారా, ఫెదిర్ కొండ అంటే మఠం ఉన్న కొండే. సిలువ పేరు పెట్టుకున్న గుడి ఆ కొండ వాలు మీదే ఉంది.

1942 చివరి నెలల్లో వేలమందిని రైళ్ళలో బెల్జెట్స్ అనే చోటికి తీసుకుపోయి చంపారు. 1943 ఫిబ్రవరిలో మళ్ళీ అదే కొండ మీదికి సుమారు 2,000 మందిని ఎక్కించారు. తల్లులు, పిల్లలు, ముసలివాళ్ళు. ఊరి వీధుల గుండానే నడిపించారు. జర్మన్లు కొద్దిమందే ఉన్నారు. వెంట నడిచిన పోలీసుల్లో చాలామంది ఆ ప్రాంతపు కుర్రాళ్ళు. వాళ్ళు బాప్తిస్మం పొందినవాళ్ళు, ఆదివారం గుడికి వెళ్ళేవాళ్ళు. నడుస్తున్నవారి పేర్లు వాళ్ళకు తెలుసు. బార్తోవ్ గారి పుస్తకంలో మమ్మల్ని నిద్రపోనివ్వని విషయం ఇదే. చంపేవాడికీ చచ్చేవాడికీ ముఖపరిచయం ఉంది. కలిసి చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఊరిలోనూ చుట్టుపక్కలా మొత్తం సుమారు 10,000 మంది యూదులు చనిపోయారని అంచనా. వారిలో సగం మంది రైళ్ళలో, సగం మంది సొంత ఊరి మట్టిలో.

1944 మార్చిలో సోవియట్ సేనలు వచ్చినప్పుడు దాక్కున్నచోట్ల నుండి 800 మంది దాకా బయటికి వచ్చారు. బతికిపోయాం అనుకున్నారు. కొన్ని రోజులకే జర్మన్లు తిరిగొచ్చారు. వెలుగు చూసినవారిలో ఎక్కువమంది అప్పుడు పోయారు. జూలైలో ఊరు పూర్తిగా విడుదలయ్యేసరికి మిగిలింది వందమంది కూడా లేరు.

తరువాత ఏమైంది? పోలండు వారిని కొత్త సరిహద్దుకు అవతలికి పంపేశారు. ఉక్రెయిన్ వారిలో ఎందరో మళ్ళీ సైబీరియా పాలయ్యారు. 1946 మార్చిలో ల్వివ్ నగరంలో ఒక సభ జరిపించి, గ్రీకు కాథలిక్కు సంఘమే ఇక లేదని సోవియట్టులు రద్దు చేయించారు. కాదన్న గురువులు జైళ్ళకు వెళ్ళారు. మఠం మూతపడింది. నలభై ఏళ్ళకు పైగా ఆ సంఘం ఇళ్ళల్లో, అడవుల్లో రహస్యంగా ఆరాధించుకుంది. 1989లో మళ్ళీ అనుమతి వచ్చింది. ఆ తరువాత సన్యాసులు తిరిగి వచ్చి, గోడలు బాగుచేసుకుని, గంట మోగించారు. అబ్బాయి ఫొటోలో మనం చూసింది ఆ మఠాన్నే. యూదుల సమాజమందిరాన్ని మాత్రం సోవియట్టు కాలంలోనే పడగొట్టేశారు. మళ్ళీ కట్టడానికి తిరిగొచ్చేవాళ్ళెవరు?

ఇంతవరకూ చదివి మీరు ఒక మాట అడగవచ్చు. "అయ్యగారూ, ఇంత దుఃఖం మాకెందుకు చెప్తున్నారు? ఇందులో సువార్త ఎక్కడుంది?" మేము కూడా చాలా రోజులు అదే అడుక్కున్నాం. ఆ వెదకులాటలోనే మాన్కో శ్వెర్ష్చాక్ కనబడ్డాడు.

ఆయన సన్యాసి కాదు, గురువు కాదు, సంఘపెద్ద కాదు. ఆ ఊరి క్రైస్తవుల సమాధుల తోటలో గోతులు తవ్వే మనిషి. జర్మన్ల కాలంలో రోజెన్ అనే యూదు కుటుంబం పారిపోయి ఆయన దగ్గరికి వచ్చింది. ఒక తల్లి, ఆమె కొడుకులు. దాచడానికి ఆయనకు మేడ లేదు, గోదాము లేదు. ఉన్నదల్లా సమాధులే. ఒక సమాధి గదిలో వాళ్ళను దాచాడు. నెలల తరబడి అన్నం తెచ్చి పెట్టాడు. మీరు ఊహించండి. యూదులను దాచినవాడినే కాదు, వాడి ఇంటిల్లిపాదినీ చంపుతామన్న చట్టం ఉన్న రోజులు. పట్టిచ్చినవాడికి బహుమానం దొరికే రోజులు. అనుమానం వచ్చి పట్టుకుని కొట్టారు కూడా. ఆయన నోరు విప్పలేదు. ఆ అన్నదమ్ములు బతికారు, జరిగినదానికి సాక్ష్యం చెప్పారు. యెరూషలేములో యాద్ వషెమ్ అనే సంస్థ, యూదులను కాపాడిన అన్యజనుల పేర్లు రాసిపెడుతుంది. ఆ పేర్లలో ఈయన పేరు కూడా ఉంది.

సమాధిలో బతికున్న మనుషులు అనగానే మన మనసు వెంటనే ఈస్టరు వైపు పరుగెడుతుంది. మా మనసూ అలాగే వెళ్ళింది. కానీ మా ఇంటావిడ ఆపింది. "వాళ్ళు యూదులు. వాళ్ళ బాధను మన పండుగకు బొమ్మగా వాడుకోకూడదు" అంది. నిజమే. ఆ కుటుంబం వాళ్ళ దేవుణ్ణి వాళ్ళ పద్ధతిలోనే ప్రార్థించి ఉంటుంది. కాబట్టి వాళ్ళ గురించి మేము ప్రసంగం చేయం. గొయ్యి తవ్వే మనిషి గురించి మాత్రం చేస్తాం, ఎందుకంటే ఆయన మనవాడు, మన లెక్కలోకి వచ్చేవాడు.

లూకా సువార్త 10వ అధ్యాయంలో ధర్మశాస్త్రం తెలిసినవాడొకడు ప్రభువును పొరుగువాడెవరని అడుగుతాడు. ప్రభువు సూటిగా జవాబు చెప్పడు. దారిలో పడివున్న మనిషి కథ చెబుతాడు. మందిరంలో సేవ చేసేవాళ్ళు ఇద్దరు ఆ దారినే వెళ్తారు, చూస్తారు, పక్కకు తప్పుకుంటారు. ఎవరూ లెక్కలోకి తీసుకోని సమరయుడు ఆగుతాడు. మనం ఈ భాగం మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో! ప్రతిసారీ మనం సమరయుడి పక్కనే నిలబడతాం. బుచాచ్ చదివాక మాకు తెలిసిందేమంటే, మేము నిలబడాల్సిన చోటు యాజకుడి పక్కన. మందిరం, గంట, గోపురం, పేరు, అన్నీ ఉన్నవాళ్ళం మేమే.

ఆ కొండ మీది గుడి గోడలు ఏ పాపమూ చేయలేదు. సన్యాసులు కూడా తరువాత జైళ్ళపాలై వాళ్ళ శ్రమ వాళ్ళు పడ్డారు. వాళ్ళ మీద రాయి వేయడానికి మేమెవరం? మా ప్రశ్న ఒక్కటే. రెండు వందల ఏళ్ళకు పైగా ఆ కొండ మీద సిలువ గురించి ప్రకటించారు. ఆ మాటలు విని పెరిగిన కుర్రాళ్ళలో కొందరు తుపాకీ పట్టుకుని అదే కొండ ఎక్కారు. మరి మా మందిరంలో పాతికేళ్ళుగా మేము చెబుతున్న మాటలు విన్న కుర్రాళ్ళు, అలాంటి రోజు వస్తే ఏ వైపు నడుస్తారు? ఈ పేట వాళ్ళు, ఆ పేట వాళ్ళు అని ఇప్పుడు నవ్వుతూ అనుకునే మాటలు, రాజ్యం మారిన రోజున ఏమవుతాయి?

ఇక్కడ మేము ఒక ఒప్పుకోలు చేయాలి.

మా ఊళ్ళో కూడా గోతులు తవ్వే పెద్దాయన ఒకడున్నాడు. మన సంఘంలో ఎవరు ప్రభువునందు నిద్రించినా, అర్ధరాత్రి కబురు పంపినా, వానలో తడుస్తూ వచ్చి తవ్వుతాడు. మా నాన్నగారి గొయ్యి కూడా ఆయనే తవ్వాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయనకు కూలి ఇచ్చాం. జ్ఞాపకార్థ కూడికల్లో భోజనం కూడా ఇచ్చాం. కానీ ఎలా ఇచ్చాం? విస్తరాకులో కట్టి పంపాం. పంక్తిలో కూర్చోబెట్టలేదు. ఆయనది మన పేట కాదు, ఆయన తాగుతాడు, ఆయన పేరు సంఘం రిజిస్టరులో లేదు. ఈ మూడు మాటలూ ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. ఈస్టరు వేకువ ఆరాధనకు ముందు వారమంతా ఆయన సమాధుల తోటలో ముళ్ళకంప కొట్టి, గడ్డి పీకి, సున్నం వేస్తాడు. తెల్లవారుజామున మేము కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుతుంటే, ఆయన కంచెకు అవతల తుమ్మచెట్టు కింద నిలబడి చూస్తుంటాడు. ఆరాధన అయ్యాక మిగిలిన మైనం ఏరుకుంటాడు. ఇన్నేళ్ళూ అది మాకు కనబడుతూనే ఉంది. ఒక్క ఏడాది కూడా మమ్మల్ని అది గుచ్చలేదు.

మాన్కో గురించి చదివిన రాత్రి గుచ్చింది. దేవుడు కయీనును అతని తమ్ముడి గురించి అడిగిన ప్రశ్న మాకు ఆ రాత్రి వేరే గొంతుతో వినబడింది. నేల కింద ఉన్నవాడి గురించే కాదు, కంచె అవతల ఉన్నవాడి గురించి కూడా ఆ ప్రశ్న అడుగుతారు.

మొన్న ఈస్టరుకు మేమిద్దరం శనివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాం. గుమ్మం ముందు నిలబడి, "పెద్దాయనా, రేపు వేకువన నువ్వు లోపలికి రావాలి. మొదటి కొవ్వొత్తి నువ్వే వెలిగించాలి" అన్నాం.

"నేనా అయ్యగారూ?" అన్నాడు. తరువాత "మీవాళ్ళు ఏమనుకుంటారో" అన్నాడు.

ఆ రెండో మాటకు మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఏమనుకుంటారో మాకూ తెలుసు.

ఆయన వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. చేతులు వణికాయి, అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి వెలిగింది. అక్కడిదాకా బాగానే ఉంది. ఆరాధన తరువాత ప్రేమ విందులో ఆయన్ను పంక్తిలో కూర్చోబెట్టినప్పుడు రెండు కుటుంబాలు లేచి, పనుందని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాయి. మాకు దగ్గరివాళ్ళే. ఇంకా మందిరానికి రావడం లేదు. వాళ్ళ ఇంటికి వెళ్ళాం, మళ్ళీ వెళ్తాం. మీరు కూడా ప్రార్థించండి. ఇది విజయ సాక్ష్యం కాదు, సగంలో ఉన్న పని. గోపురం పని కూడా సగంలోనే ఆగి ఉంది. దాని గురించి మాకిప్పుడు అంత తొందర లేదు.

తెర్నోపిల్ అబ్బాయి ఇప్పుడు చదువు కోసం ఇంకో దేశం వెళ్ళాడు. తన స్నేహితుడితో ఇంకా మాట్లాడుతుంటాడట. ఉక్రెయిన్‌లో యుద్ధం ఇంకా ఆగలేదు. ఆ కొండ కింద ఊళ్ళల్లో మళ్ళీ కొత్త సమాధులు లేస్తున్నాయి, మళ్ళీ ఎవరో ఒక పెద్దాయన గోతులు తవ్వుతూనే ఉన్నాడు. ఫొటో చూపించిన రోజున అబ్బాయి ఒక మాట అడిగాడు. "అయ్యగారూ, ఆ నానమ్మ ఆ రాయి దగ్గర ఎందుకు నిలబడలేదంటారు?" అని. భయమో, సిగ్గో, దుఃఖమో మేమెలా చెప్పగలం? అయినా ఆమె చూపించింది కదా. ఇక్కడ మనుషులున్నారు అని ఒక పరాయి దేశపు కుర్రాడికి చెప్పింది కదా. చెప్పడం కూడా ఒక సేవే. అందుకే మేమూ మీకు చెప్పాం.

ఈ వారం మీ ఊళ్ళో సమాధుల తోట దగ్గరికి వెళ్ళినప్పుడు కంచె అవతల ఎవరున్నారో ఒక్కసారి చూడండి. వాళ్ళ పేరు కనుక్కోండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, బుచాచ్ కొండ మీద నిద్రిస్తున్న నీ జనులను నీవు పేరుపేరునా ఎరుగుదువు. ఆ కొండ మీద నేడు ఆరాధించేవారిని, యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకుంటున్న తల్లులను ఓదార్చుము. మా మందిరములు పెద్దవై మా హృదయములు చిన్నవి కాకుండా కాపాడుము. మేము పక్కకు తప్పుకొని వెళ్ళిన ప్రతి దినమును బట్టి మమ్మును క్షమించుము. ఆమేన్.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి.